ఖర్చు బ్యాంకులది, ఫలమెవ్వరిది?

ఈనాడు మన పట్టణములలో ఏ వీధి మలుపున నిలిచి చూచినను ఒకే దృశ్యము. టీకొట్టు గోడకు అంటించిన నల్లగళ్ల కాగితము, దాని కెదురుగా ఫోను పట్టిన చేయి, మరుక్షణమున “పది రూపాయలు అందినవి” అని పలుకు చిన్న పెట్టె. పండ్ల బండి యొద్దను, పూలగంప యొద్దను, చెప్పులు కుట్టువాని గొడుగు క్రిందను ఇదే రీతి. 2016లో ఆరంభమైన ఈ యూపీఐ పద్ధతిని 2025 ఆగస్టు నెల యొక్కదానిలోనే 2,000 కోట్లకు పైగా చెల్లింపులకు ప్రజలు వినియోగించిరి. ఇందులకు మనము గర్వించుట న్యాయమే.

అయితే గర్వించుట యొకటి, లెక్క చూచుకొనుట యొకటి. ఆ పది రూపాయలు ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు పోవుటకు ఖర్చగుచున్నదా, లేదా? అగుచున్న యెడల దానిని భరించువా రెవ్వరు? ఈ నూతన సాధనములవలన మన బ్యాంకులు లాభపడుచున్నవా, నష్టపడుచున్నవా? ఇది డైరెక్టర్లు మాత్రమే తర్కించుకొనవలసిన విషయమని పాఠకులు తలంపరాదు. ప్రభుత్వ బ్యాంకు మూలధనము క్షీణించినపుడు దానిని పూరించునది ప్రజల పన్ను. రాబడి కొఱవడినపుడు రుసుముల రూపమున కోతపడునది ప్రజల ఖాతాలలోనే.

2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక చర్చాపత్రమును ప్రకటించెను. వర్తకునికి చేరు 800 రూపాయల సగటు యూపీఐ చెల్లింపునకు, అందు పాల్గొను సంస్థలన్నిటికిని కలిపి 2 రూపాయలు వ్యయమగుచున్నదని అందు లెక్క కట్టిరి. వర్తకునినుండి వసూలు చేయదగిన రుసుమును 2020 జనవరి 1 నుండి ప్రభుత్వము తొలగించినది. బదులుగా ఖజానానుండి ప్రోత్సాహకము ఇయ్యసాగినది. 2024-25వ సంవత్సరమునకు ఇందులకై సుమారు 1,500 కోట్ల రూపాయలు మంజూరు చేసిరి. చిన్న వర్తకులకు చేరు 2,000 రూపాయల లోపు చెల్లింపులకు నూటికి 15 పైసల చొప్పున లభించునని నిర్ణయించిరి. ఈ లెక్కను 800 రూపాయలకు వచ్చునది 1 రూపాయి 20 పైసలు. రెండు రూపాయల ఖర్చునకు రూపాయి పావలా రాబడియైనను లేదు! పెద్ద వర్తకులకు చేరు చెల్లింపులపై ఆ మాత్రమును లేదు.

ఇంతమాత్రముచేత ఈ విద్య బ్యాంకులకు కేవలము నష్టదాయకమని తేల్చుట తొందరపాటగును. నోట్లు లెక్కించుట, తరలించుట, ఏటీఎములు నింపుట, చెక్కులు సరిచూచుట మున్నగు పనుల భారము తగ్గుచున్నది. వర్తకుని గల్లాపెట్టెలో నుండదగిన సొమ్ము స్వల్పవడ్డీ ఖాతాలలో నిలుచుచున్నది. కాని యంత్రములకును, వాని కాపలాకును, నిపుణుల జీతములకును సొమ్ము ముందుగా పోవును. ఆదా మెల్లగా వచ్చును. యంత్రము తడబడెనా, నష్టము మఱింత పెద్దది. సేవలు పలుమాఱు నిలిచిపోయిన కారణమున 2020 డిసెంబరులో హెచ్‌.డి.ఎఫ్‌.సి. బ్యాంకువంటి పెద్ద సంస్థనే క్రొత్త క్రెడిట్ కార్డులు ఇయ్యరాదని రిజర్వు బ్యాంకు కొంతకాలము నిలిపివేసినది గదా!

మఱి బ్యాంకుల లాభములు మిన్నంటుట లేదా యని కొందఱు ప్రశ్నింతురు. నిజమే. 2017-18లో 85,000 కోట్ల రూపాయలకు మించి నష్టపడిన ప్రభుత్వ బ్యాంకులు 2024-25లో 1.78 లక్షల కోట్ల లాభము గడించినవి. అయితే ఈ మార్పును ఫోనుల ఖాతాలో వ్రాయుట సత్యదూరము. 2018 మార్చిలో ఈ బ్యాంకుల అప్పులలో నూటికి 14కు పైగా మొండిబాకీలు. 2025 మార్చి నాటికి అవి 3 శాతము లోపునకు దిగినవి. ఆ గండము గడచుటకై 2016-17 నుండి 2020-21 వఱకు సుమారు 3.1 లక్షల కోట్ల రూపాయల మూలధనము సమకూర్చబడినది. దానిని ప్రభుత్వమే భరించినది. పెద్దల బాకీలు ముంచగా సామాన్యుల పన్నులు తేల్చినవి. బ్యాంకు లాభము నిలుచునది అప్పిచ్చు వివేకముపైనే యని ఈ యంకెలు చాటుచున్నవి.

ఆ వివేకము కొఱవడినచోట రాబడికి వెదకు దారులెట్టివి? 2019-20 మొదలు అయిదేండ్లలో ప్రభుత్వ బ్యాంకులు కనీసనిల్వ లేదను కారణమున ఖాతాదారులనుండి వసూలు చేసిన జరిమానా సుమారు 8,500 కోట్ల రూపాయలని పార్లమెంటులో ప్రకటితమైనది. నిల్వ లేనివాడు పేదవాడు గాక మఱెవ్వడు? 2025లో కొన్ని బ్యాంకులు ఈ జరిమానాను మానుకొనుట సంతోషకరము.

వకీలు వృత్తిలోనున్న మాకు ఇట్టివారి కష్టములు నిత్యపరిచితములు. ఒక వృద్ధుడు, రిటైరయిన బడిపంతులు, తన పింఛను ఖాతానుండి తానెఱుగకయే సొమ్ము మాయమైనదని మా యొద్దకు వచ్చెను. మఱునాడే బ్యాంకునకు పోయి మొఱపెట్టుకొనగా “తప్పు మీదే” యని పంపివేసిరట. ఖాతాదారుని తప్పును రుజువుచేయు భారము బ్యాంకుదేయని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ కాగితము చూపి నోటీసిచ్చిన పిదప సొమ్ము తిరిగి వచ్చెను. ఆ కాగితము సంగతి తెలియని పంతుళ్లెందఱో! యంత్రముచేత ఖర్చు తగ్గించుకొన్నవారు యంత్రమువలన కలుగు నష్టమును ముసలివాని నెత్తిన రుద్దుట ధర్మమా?

మఱియొక చిత్రము గమనింపుడు. ఖాతా బ్యాంకుది, కాపలా బ్యాంకుది, పూచీ బ్యాంకుది. వాకిలి మాత్రము పరులది. యూపీఐ చెల్లింపులలో అయిదింట నాలుగు పాళ్లకు పైగా రెండు యాపుల ద్వారమున సాగుచువచ్చినవి. ఒకటి గూగుల్ సంస్థది. రెండవదియగు ఫోన్‌పేలో అధికభాగము వాల్‌మార్టుది. రెండును అమెరికా కంపెనీలే. ఏ యొక్క యాపునకును 30 శాతమునకు మించరాదను నియమమును 2020లోనే చేసిరి. అమలు గడువును మాత్రము 2026 డిసెంబరు చివఱకు జరిపిరి. వానిని ద్వేషింప బనిలేదు. వారు చక్కని సాధనము నిర్మించిరి, ప్రజలు గ్రహించిరి. మన బ్యాంకులేల నిర్మింపలేకపోయినవి?

అసలైన లాభము మన యంగళ్లలోనే యున్నది. ఉదయము తొమ్మిదివందలు తీసికొని సాయంకాలమునకు వేయి చెల్లించుచు కూరగాయలమ్ము స్త్రీలు మన బజారులలో లేరా? ఆమె ఖాతాలో దినదినము పడు ఇరువదులు, ముప్పదులు ఆమె వ్యాపారమునకు సాక్ష్యము. మునుపు ఆమెకు పత్రము లేదు, పూచీ లేదు. ఇప్పుడు బ్యాంకు పుస్తకమే ఆమె పత్రము. 2020 జూనులో ఆరంభమైన స్వనిధి పథకము పూచీకత్తు లేక తొలుత 10,000 రూపాయలిచ్చి దారిచూపినది. ఆ దారిని బ్యాంకులు తమ స్వంతదారిగా చేసికొన్న యెడల ఆమె వడ్డీపీడ తొలగును, బ్యాంకునకు న్యాయమైన వడ్డీ దక్కును.

కావున మా యభిప్రాయమిది. చిన్న వర్తకునికిని సామాన్యునికిని ఈ చెల్లింపు సర్వదా ఉచితముగా నుండవలెను. కోట్ల వ్యాపారము చేయు పెద్ద సంస్థలు స్వల్పరుసుము నిచ్చుకొనుట న్యాయము. అట్లు వచ్చు సొమ్మును మోసముల నివారణకును, పల్లెలలో శాఖలను నిలుపుటకును వినియోగింపవలెను. ఫోను లేనివానికి బ్యాంకు తలుపు మూయరాదు.

1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరులో ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. బోర్డుపై పేరు మాఱినది. ప్రజల పొదుపు ప్రజల పాటునకే తోడుకావలెనను ధర్మము మాత్రము మాఱలేదు. చదువరులారా! ఈసారి బ్యాంకునకు పోయినప్పుడు ఒక్కమాట అడుగుడు: “మా వీధి టీకొట్టువానికి మీరెంత అప్పిచ్చితిరి?” ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే మన బ్యాంకుల నిజమైన లాభనష్టముల పట్టిక.