మద్దెల వినిపిస్తుంది... మాటే అందదు!

'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని తేలిగ్గా అనేస్తాం. నిజానికి వయసుతోపాటు చెవి మందగించిన చాలామందికి శంఖం బాగానే వినిపిస్తుంది. అందనిది మాట! ముదిమిలో ముందుగా తగ్గేది సన్నని శబ్దాలను పట్టుకునే శక్తి. స, ష, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే 'వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు' అంటారు పెద్దవాళ్లు. మనమేమో ఇంకా గట్టిగా అరుస్తాం. అరిస్తే అచ్చులు పెరుగుతాయే తప్ప జారిన హల్లులు తిరిగి రావు.

లింగాల ఘనపూర్ ఉన్న జనగామ జిల్లా చిందు యక్షగానానికి పేరున్న నేల. 19 వేలకు పైగా ప్రదర్శనలిచ్చిన ఈ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. అలాంటి చోట ఆట ఉందంటే ఇంటిల్లిపాదీ కదలాల్సిందే. కానీ తాతను మాత్రం 'నీకెట్లాగూ వినపడదు గదా' అని ఇంటికాడే ఉంచేస్తారు. అక్కడే పొరపడుతున్నాం. చెవి మందగించినవారికి ఇంతకన్నా అనువైన నాటకం ఏముంది? పేరులోనే చిందు ఉంది. అడుగే సగం కథ చెబుతుంది. ముఖాన రంగులు, తలపై కిరీటం చూస్తే వచ్చింది ఎవరో తెలిసిపోతుంది. రామాయణ, భారత కథలు చిన్ననాటి నుంచీ ఎరిగినవే. జారిపోయిన మాటను మనసే పూరించుకుంటుంది.

కాకపోతే కొంచెం జాగ్రత్త కావాలి. నటుల ముఖాలు స్పష్టంగా కనిపించేలా ముందు వరుసలో, లౌడ్‌స్పీకర్లకు ఎడంగా కూర్చోబెట్టండి. తెలియని నాటకమైతే కథను ముందే నాలుగు ముక్కల్లో చెప్పండి. వినికిడి యంత్రం కొత్తగా పెట్టుకున్నవారిని నేరుగా జాతరకు తీసుకెళ్లకండి. మొదట ఇంట్లో, తర్వాత నలుగురిలో, ఆపైన సభలో అలవాటు చేయాలి. సినిమా ప్రియులకూ ఒక కబురు. థియేటర్లలో వినికిడి లోపం ఉన్నవారి కోసం తెరపై మాటలు అక్షరాల్లో కనిపించేలా కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

పెళ్లిళ్లు, పేరంటాల్లో ఒకేసారి పదిమంది మాట్లాడితే ఏ యంత్రమైనా తికమకపడుతుంది. పెద్దాయన్ను గోడకు ఆనుకునే చోట కూర్చోబెట్టి, ముఖంపై వెలుగు పడేలా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కరే నిదానంగా మాట్లాడితే చాలు. టీవీ కట్టేయడం మరవద్దు.

ఇదంతా కేవలం కాలక్షేపం కోసం కాదు. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం తగ్గించుకోగల కారణాల్లో వినికిడి లోపాన్నీ లాన్సెట్ కమిషన్ 2020లోనూ, 2024లోనూ చేర్చింది. వినపడక నలుగురికీ దూరమైన మనిషి ఒంటరితనంలోకి జారిపోతాడు. కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గులిమి తీస్తేనే సరిపోతుంది. యంత్రం అవసరమైతే, పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే వయోశ్రీ పథకం 2017 నుంచీ ఉంది.

అన్నిటికన్నా ముందు ఇంట్లో ఒక్క మాట మానేద్దాం. అందరూ నవ్వుతుంటే 'ఏమన్నరు బిడ్డా?' అని నానమ్మ అడుగుతుంది. 'ఏం లేదులే' అంటాం. ఈసారి అలా అనకండి. ఆ జోకును ఆమె ముఖంలోకి చూస్తూ, నిదానంగా, ఇంకోసారి చెప్పండి.