మొసలి పక్కన ఫొటోనా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు ఫ్లోరిడా దాకా వెళితే, ఎవర్‌గ్లేడ్స్ కూడా చూసి వస్తుంటారు. 1947లో ప్రారంభమైన ఆ జాతీయ పార్కులో అన్‌హింగా ట్రెయిల్ అనే కాలిబాట పక్కనే ఎలిగేటర్లు, అదే మూతి వెడల్పుగా ఉండే మొసళ్లు, ఎండ కాగుతూ కనిపిస్తాయి. కదలకుండా పడి ఉన్నాయి కదాని, "బాబును కాస్త దగ్గరగా నిలబెట్టు, ఫొటో తీస్తా" అనే సరదా మాత్రం నాకు బొత్తిగా నచ్చదు.

కనీసం 15 అడుగుల దూరం పార్కు నిబంధన. చంటివాళ్లు వెంట ఉంటే ఇంకా వెనకే ఉండమంటాను. దగ్గరికి వెళ్లాల్సింది కెమెరా జూమ్, మన కాళ్లు కాదు. మిమ్మల్ని చూసి బుసకొట్టిందా, అప్పటికే మరీ దగ్గరికి వెళ్లారన్నమాట. నీటి అంచున వంగి కూర్చోవద్దు, చీకటిపడే వేళైతే అసలే వద్దు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తగ్గి అవన్నీ మడుగుల దగ్గర చేరతాయి. పట్టపగలే కావలసినన్ని ఫొటోలు!

మొసలి పిల్లలు కనబడితే ముచ్చటపడి ముందుకెళ్లకండి. తల్లి అక్కడే ఎక్కడో ఉంటుంది. ఏడాది దాకా, ఒక్కోసారి అంతకు మించీ కాపలా కాస్తుంది.

ఇక తల ఎత్తుతుందని బ్రెడ్డు ముక్క విసరడం ఫ్లోరిడాలో నేరం. అలా తిండి మరిగిన మొసలికి మనిషంటే జంకు పోతుంది. దాన్ని చివరికి చంపేయాల్సి వస్తుంది. విసిరినవాళ్లు అప్పటికి ఇల్లు చేరి ఫొటోలు చూసుకుంటూ ఉంటారు.