మోటారు సంగతి తర్వాత, ముందు బ్రేకు చూడండి

పాత సైకిలుకి మోటారు బిగించడం మెకానికల్ విద్యార్థులకు బాగా ఇష్టమైన ప్రాజెక్టు. తప్పేమీ లేదు. కానీ రిపోర్టు తిరగేస్తే మోటారు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, బ్రేకు గురించి ఒక పేరా ఉంటుంది. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ పేరానే అని నా అభిప్రాయం. చిల్లకల్లు లాంటి ఊళ్లో ఉండేవాళ్లకి ఇది ఉద్యోగంతో ఆగే విషయం కాదు. టోల్‌గేటు దాటిన లారీలు జాతీయ రహదారి 65 మీద ఎలా వెళ్తాయో మీకు చెప్పక్కర్లేదు.

లెక్క చూడండి. వెనక బ్రేకు ఒక్కటే ఉన్న సైకిలు గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సుమారు 5 మీటర్లలో ఆగిందనుకుందాం. అదే బండి 40లో ఆగడానికి 20 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది మరి. ఆ శక్తంతా వేడిగా మారి హబ్బులోకే పోతుంది.

ఇప్పుడు కోస్టర్ బ్రేకు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఇది. మన రాడ్ బ్రేకు సైకిళ్ల మధ్య అరుదుగా కనిపిస్తుంది. జర్మనీలో ఫిక్టెల్ అండ్ జాక్స్ కంపెనీ 1903లో తెచ్చిన టార్పెడో హబ్బు దీనికి పేరు తెచ్చింది. వెనక్కి తొక్కగానే లోపలి మెలిక మర పక్కకు జరిగి కోన్‌ని నెడుతుంది, షూలు విచ్చుకుని హబ్బు లోగోడను ఒరుసుకుంటాయి. కేబుల్ లేదు, వానకు తడవదు. పాత మోటారు సైకిళ్ల ప్రేమికులు దీన్ని ఇష్టపడేది అందుకే.

బలహీనత కూడా అక్కడే ఉంది. గొలుసు ఊడిందా, బ్రేకు పోయినట్టే. పైగా వేడి బయటికి పోయే దారి తక్కువ. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1976లో కొందరు కుర్రాళ్లు ఇలాంటి పాత సైకిళ్ల మీద కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. కిందికి చేరేసరికి గ్రీజు పొగలై పోయేది, మళ్లీ నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. మోటారే లేని సైకిలు గతి అది!

కాబట్టి ఎంచుకునేటప్పుడు ఉక్కు హబ్బు తీసుకోండి, సన్న స్పోకులు వద్దు. ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉండాలి, లేకపోతే గొలుసు బిగువు సర్దలేరు. పెట్రోలు కిట్టు పళ్లచక్రం ఎడమవైపు స్పోకులకు బిగిస్తారు, కోస్టర్ బ్రేకు చెయ్యి కూడా ఎడమవైపే ఉంటుంది. రెండూ తగులుకుంటాయి. ‘కొంచెం అరగదీస్తే సరిపోద్ది’ అంటారు చూడండి, అక్కడ ఆగండి. ఆ చెయ్యి ఫ్రేముకు గట్టిగా పట్టి ఉంటేనే బ్రేకు పడుతుంది. బ్యాటరీ కిట్టులో ఇంకో చిక్కుంది. మామూలు బ్రేకు లీవరు నొక్కితే మోటారుకి కరెంటు ఆగిపోతుంది. కోస్టర్‌కి లీవరే లేదు కదా! అందుకే ముందు చక్రానికి వేరే బ్రేకు, దాని లీవరుకి ఆ స్విచ్చి తప్పనిసరి. మన తిరుపతిలో తయారైన సువేగా, 1972లో వచ్చిన లూనా రెండు చక్రాలకూ బ్రేకులతోనే వచ్చాయి.

రిపేరు పెద్ద బ్రహ్మవిద్య కాదు. పానా, కిరోసిన్, పాత గుడ్డ చాలు. విప్పిన వరసలో భాగాలు పేపరు మీద పెట్టి ఫొటో తీసుకోండి, లేకపోతే బిగించేటప్పుడు ఒకటి మిగులుతుంది. కోన్ మీద గుంటలు పడితే, మెలిక మర అరిగితే, హబ్బు గోడ చిట్లితే అది పారేయాల్సిందే, అతుకులు వద్దు. షూలు అద్దంలా మెరిస్తే గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. వేడిని తట్టుకునే గ్రీజు పెట్టండి. కోన్ మరీ బిగిస్తే చక్రం పట్టేస్తుంది, వదులైతే ఊగుతుంది. చేత్తో తిప్పి ఆ మధ్య స్థితి పట్టుకోవడమే పనితనం. అది వీడియో చూస్తే రాదు. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఒక సైకిలు షాపు మేస్త్రీ దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చోండి. డిగ్రీ చదివేవాళ్లం అక్కడ కూర్చోవడమేంటి అనుకుంటే మాత్రం నేను చెప్పేదేం లేదు.

చట్టం సంగతి. 250 వాట్లకు లోపు మోటారు ఉండి, 25 కిలోమీటర్ల వేగానికి సాయం ఆగిపోయే బ్యాటరీ సైకిలుకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ మినహాయింపు షరతుల్లో తగిన బ్రేకులు ఉండాలన్నది కూడా ఒకటి. పెట్రోలు ఇంజను కిట్టుకి ఈ మినహాయింపు వర్తించదు. దాన్ని రోడ్డెక్కించకండి.

పని అయ్యాక బండిని ముందు నడిపిస్తూ, తర్వాత మోటారు లేకుండా తొక్కుతూ పరీక్షించండి. కాలేజీ గ్రౌండులో సున్నం గీత గీసి 10, 15, 20 వేగాల్లో ఎన్ని మీటర్లలో ఆగిందో పదేసి సార్లు కొలవండి. హెల్మెట్ పెట్టుకునే. ఆ కొలతల పట్టిక ఫైలులో మొదటి పేజీగా పెట్టండి. మోటారు ఫొటో రెండో పేజీలో ఉన్నా పర్లేదు.