ఫోన్ బ్యాటరీ ఉబ్బిందా? గుచ్చొద్దు, నొక్కొద్దు.. పాతది ఎవరికి ఇవ్వాలంటే

ఫోన్ వెనుక మూత కాస్త పైకి లేచింది. బల్లపై పెట్టి తిప్పితే బొంగరంలా తిరుగుతోంది. స్క్రీన్ అంచు దగ్గర సందు కనిపిస్తోంది. ‘పనిచేస్తోంది కదా’ అని రబ్బరు బ్యాండ్ చుట్టి వాడేస్తున్నారా? అయితే ముందు ఛార్జర్ తీసేయండి. ఉబ్బిన బ్యాటరీ మళ్లీ మామూలు స్థితికి రాదు. మార్చడం ఒక్కటే దారి.

ఎందుకు ఉబ్బుతుంది?

లిథియం అయాన్ బ్యాటరీలో పల్చటి పొరల మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రావణం ఉంటుంది. వేడి ఎక్కువైనా, ఛార్జింగ్ మోతాదు మించినా, నెలల తరబడి పూర్తిగా ఖాళీగా వదిలేసినా, ఫోన్ కింద పడి బ్యాటరీ నలిగినా ఆ ద్రావణం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. బ్యాటరీ పైపొర సంచిలా మూసి ఉంటుంది కాబట్టి అవి బయటికి పోలేక దాన్ని ఉబ్బిస్తాయి. ఆ వాయువుల్లో మండేవీ ఉంటాయి. సూదితో గుచ్చితే గాలి పోయి సర్దుకుంటుందనుకోవడం ప్రమాదం. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ సర్క్యూట్ అవుతుంది, క్షణాల్లో మంట రావచ్చు.

మన ఎండలకు జాగ్రత్త ఎక్కువే కావాలి

ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలోనే వాడాలని ఆపిల్ చెబుతోంది. మే నెలలో మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఛార్జింగ్‌లో పుట్టే వేడి దీనికి అదనం. ఎండను మనం ఆపలేం కానీ, ఆ అదనపు వేడిని తగ్గించుకోవచ్చు.

* మిట్టమధ్యాహ్నం, అందులోనూ రేకుల ఇంట్లో, ఛార్జింగ్ పెట్టకండి. తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు.
* ఛార్జింగ్ సమయంలో మందపాటి కవర్ తీసేయండి. దిండు కింద, పరుపు మీద పెట్టొద్దు. వీడియోలు, గేమ్‌లు ఆపండి.
* బైక్ ట్యాంక్ కవర్‌లో, కారు డాష్‌బోర్డుపై ఎండలో వదలకండి.
* వీలైనంత వరకు 20 నుంచి 80 శాతం మధ్య ఉంచండి. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది.
* వాడని ఫోన్, పవర్ బ్యాంక్‌ను సగం ఛార్జింగ్‌తో చల్లని చోట ఉంచండి.

పెద్ద బ్యాటరీ.. పెద్ద ముప్పు

ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ ఉండేది ఈ కుటుంబం బ్యాటరీలే, పరిమాణం మాత్రం ఎన్నో రెట్లు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది దేశంలో ఇలాంటి ప్రమాదాలు వరుసగా జరగడంతో కేంద్రం భద్రతా ప్రమాణాలను 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల్లో రెండు దశలుగా కఠినం చేసింది. స్కూటర్ బ్యాటరీని పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టకండి.

ఉబ్బితే వెంటనే ఏం చేయాలి?

ఫోన్ స్విచాఫ్ చేయండి. కర్టెన్లు, కాగితాలకు దూరంగా గచ్చు మీదో, పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలోనో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, కొరియర్‌లో పంపొద్దు. మూత మీరే ఊడదీయకుండా మెకానిక్‌కు చూపించండి. పొగ వస్తుంటే గది వదిలి బయటికి వచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ‘ఆర్‌’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఆ నంబరు అసలైనదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో తెలుసుకోవచ్చు. బిల్లు తప్పక తీసుకోండి. నాసిరకం అంటగడితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం.

పాతది ఎవరి బాధ్యత?

2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీ, దిగుమతి కంపెనీలదే. వాటిని పూడ్చడం, కాల్చడం నిషిద్ధం. ఇతర చెత్తలో కలపకుండా, సేకరించే వారికి అప్పగించడం మన బాధ్యత.

చిక్కు ఇక్కడే ఉంది. నిబంధన ఢిల్లీలో ఉంది, ఉబ్బిన బ్యాటరీ మన ఇంట్లో ఉంది. కంపెనీల సర్వీస్ సెంటర్లు ఎక్కువగా పెద్ద పట్టణాలకే పరిమితం. చిన్న పట్టణాల్లో పాత బ్యాటరీ చేరేది రిపేరు దుకాణం డబ్బాలోకో, చెత్త బండిలోకో. బండిలో నలిగితే మంట ఇంటి నుంచి పారిశుద్ధ్య కార్మికుడి చేతికి మారినట్టే.

కాబట్టి బ్యాటరీ మార్పించుకునేటప్పుడే ‘పాతది ఎక్కడికి పంపుతారు?’ అని దుకాణదారుని అడగండి. జవాబు లేకపోతే ఇసుక డబ్బాలో విడిగా ఉంచి, మున్సిపల్ పారిశుద్ధ్య సిబ్బందికి ‘ఇది బ్యాటరీ’ అని చెప్పి వేరుగా ఇవ్వండి. వార్డుకో సేకరణ డబ్బా పెట్టాలని మున్సిపల్ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. పట్టణమంతా వాడే వస్తువుకు ఆ మాత్రం ఏర్పాటు అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.