గొట్టము పొడుగైన విషము తగ్గునా?

పారిశ్రామిక వ్యర్థములను సముద్రమున విడుచుటను క్రమముగా మాన్పవలెనను మాట మరల వినవచ్చుచున్నది. 2025 సెప్టెంబరులో ఉప్పాడ తీరపు మత్స్యకారులు, మందుల కర్మాగారముల నీరు తమ వేటను చెరచుచున్నదని రహదారిపై బైఠాయించిరి. మరుసటి మాసమున ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అచటి కేగి, ప్రణాళికకు నూరు దినముల గడువు కోరిరి. ప్రణాళిక కావలసినదే. కాని అది తీరమున మొదలయ్యెనా, తీరముననే ముగియును.

సముద్రము నెరుగని దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వాసులకు ఈ చర్చతో నేమి పని యని కొందరడుగవచ్చును. మూసారాంబాగు వంతెన దాటునపుడు ముక్కు మూసికొనువా రట్లడుగరు. ఏటి కావలి యొడ్డున అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రము గలదు. దాని నీరు మూసీలో పడి, చైతన్యపురి, నాగోలు ప్రక్కగా పారి, నల్లగొండ పొలములను తడిపి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. కృష్ణ యెచటికి పోవునో చెప్పనక్కరలేదు. సముద్రమునకు మనము ఎగువవారము; అంతియే భేదము.

పటాన్‌చెరు కథ నొకమారు స్మరింపుడు. 1970వ దశకమున అచట పారిశ్రామికవాడ వెలసినది. కర్మాగారముల నీరు నక్కవాగున పడి మంజీరకు చేరెను. పరిసర గ్రామముల చెరువులును బావులును చెడినవి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కెను. అటనుండి హైకోర్టునకు, పిదప హరిత ట్రిబ్యునలునకు సాగి 2017 వరకు నడచెను. (ఇరువదియేడేండ్లు! వాయిదాలతో బ్రతుకు మావంటివారికే ఇది దీర్ఘమని తోచుచున్నది.) ఈలోపల పెద్దలు కనుగొన్న యుపాయమేమి? 18 కిలోమీటర్ల గొట్టము వేసి, సామూహిక శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని నగరపు మురుగుతో కలిపి అంబర్‌పేటకు పంపుట. మంజీర గోదావరికి కూతురు, మూసీ కృష్ణకు కూతురు. ఒక యింట మొరపెట్టగా బరువును రెండవ యింటికి దించివచ్చిరి!

ఆ నీటి గుణమెట్టిది? స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, పటాన్‌చెరు కేంద్రము విడిచిన నీట లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ కానవచ్చెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తమునందైనను అంత యుండదు. ఇట్టి నీటిని నగరపు మురుగుతో కలుపుటయన, అందలి సూక్ష్మజీవులకు మందును లక్ష్యపెట్టకుండు విద్యను నేర్పుటయే. రేపు మన బిడ్డకు జ్వరము వచ్చి వైద్యుడిచ్చిన మాత్ర పనిచేయని నాడు, ఆ గొట్టము ఎవరికిని జ్ఞప్తికి రాదు. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వము ఇట్టి అవశేషములకు పరిమితులు విధించు ముసాయిదాను ప్రకటించినది. 2021లో తుది నియమములు వెలువడునప్పటికి ఆ పరిమితులు అందు లేవు.

చట్టమేమో చాలినంత స్పష్టముగనే యున్నది. 1974 నాటి జలకాలుష్య చట్టము 2వ సెక్షనున ‘ప్రవాహము’ అను మాటలో నదిని, వాగును, భూగర్భజలమును, ప్రభుత్వము ప్రకటించు మేరకు సముద్రమును గూడ చేర్చినది. 24వ సెక్షను అందు విషము కలుపరాదనుచున్నది. ఏరు వేరు, సముద్రము వేరు అను వాదము చట్టమునుండి పుట్టినది కాదు.

ఇతర దేశములు చేసిన దేమి? 1972 నాటి లండను ఒడంబడిక సభ్యరాజ్యములు 1993లో తీర్మానించి, పారిశ్రామిక వ్యర్థములను సముద్రమున పడవేయుటకు 1995 డిసెంబరు 31ని తుదిదినముగా నిర్ణయించినవి. అందలి బలము తేదీయందున్నది. బలహీనతయు చెప్పవలెను: ఆ ఒడంబడిక నావలు, విమానములు, సముద్రమందలి కట్టడములనుండి పడవేయుటనే నిషేధించినది, నేలనుండి పోవు గొట్టము దానికి చిక్కలేదు. ఓడలో మోసికొనిపోయిన నేరము, గొట్టమున పంపిన అనుమతి! పరవాడ ఫార్మాసిటీ నీరు సముద్రమున కేగునది గొట్టము ద్వారముననే.

కనుక ప్రణాళిక కర్మాగారపు గేటువద్ద మొదలు కావలెను. వ్యర్థజలమును కాచి, ఆవిరిని చల్లార్చి మరల వాడుకొనుట నేడు తెలియని విద్య కాదు. ఖర్చు మిక్కుటము, బొగ్గు కావలెను, మిగిలిన లవణములను భద్రపరుపవలెను. చిన్న కర్మాగారములు ఓర్వలేవని యజమానులందురు. అందు కొంత నిజము గలదు. చిన్నవారికి సర్కారు అప్పు నిచ్చి మూడేండ్ల గడువీయుడు, పెద్దవారికి ఒక యేడు చాలును; గడువు మాత్రము కాగితముపై నుండవలెను, పొడిగింపు కారాదు. ఏ కర్మాగారము దినమునకెంత నీరు విడుచునో, అందేమున్నదో తెలుగున వ్రాసి నాగోలు వంతెనకడ, ఉప్పాడ రేవుకడ పలకలు నాటవలెను. మత్స్యకారులు పరిహారము కొరకు పోరాడుచున్నారు. మూసీ యొడ్డున గడ్డి పెంచి పాడి సాకువారిని గూర్చి అడిగినవారే అరుదు. ఆ లెక్క తీయుటకు తెలంగాణ ప్రభుత్వము ఎప్పుడు పూనుకొనును?