గెలిచినా బతకని జట్టు: ఫిలడెల్ఫియా ఆటమ్స్

అమెరికాలో సాకర్ చరిత్ర గురించి రాసే చాలామందికి కథ కాస్మోస్‌తో మొదలై కాస్మోస్‌తోనే ముగుస్తుంది. 1975లో పెలే న్యూయార్క్ రావడం, జనం విరగబడడం, 1984 సీజన్ తర్వాత ఉత్తర అమెరికా సాకర్ లీగే కూలిపోవడం: నాటకానికి కావలసిన మూడంకాలూ అందులో ఉన్నాయి. డేవిడ్ వాంగరిన్ రాసిన ‘సాకర్ ఇన్ ఎ ఫుట్‌బాల్ వరల్డ్’ వంటి ఓపికైన చరిత్రను చదివినవారికి మాత్రం ఈ ఆట అక్కడ పెలేతో పుట్టలేదని తెలుస్తుంది. ఆ పుస్తకం మూసిన తర్వాత నా మనసులో నిలిచిపోయింది కాస్మోస్ కాదు, నాలుగేళ్లు మాత్రమే బతికిన ఫిలడెల్ఫియా ఆటమ్స్. అల్పాయుష్కులైన జట్లను చరిత్రకారులు అధోజ్ఞాపికలకు పరిమితం చేయడం పొరపాటని నా అభిప్రాయం. లీగ్ ఎందుకు చనిపోయిందో తెలుసుకోవాలంటే ముందుగా వీటి మరణాన్నే పరిశీలించాలి.

ఆటమ్స్ పుట్టుకే ఒక వింత. భవన నిర్మాణ వ్యాపారి టామ్ మెక్‌క్లాస్కీ 1973 జనవరిలో సూపర్ బౌల్ టిక్కెట్ల కోసం వెతుకుతుంటే, డాలస్ టోర్నడో యజమాని లామార్ హంట్ ఆయనకు టిక్కెట్లు ఇప్పించి, ఆ పరిచయంతోనే సాకర్ జట్టు కొనమని ఒప్పించాడని చెబుతారు. కోచ్‌గా వచ్చిన అల్ మిల్లర్ అప్పటిదాకా హార్ట్‌విక్ కళాశాలలో శిక్షకుడు. విదేశీయులతో నిండిన లీగ్‌లో ఆయన అమెరికన్ కుర్రవాళ్లను నమ్ముకున్నాడు. జట్టును ఇంగ్లండ్ తీసుకువెళ్లి తర్ఫీదు ఇచ్చాడు. గోల్‌కీపర్ బాబ్ రిగ్బీ ఫిలడెల్ఫియా శివారులో పెరిగినవాడు, అప్పుడే కళాశాల నుంచి బయటికి వచ్చినవాడు. ఆ సీజన్‌లో ఆడిన 19 మ్యాచ్‌లలో ఆటమ్స్ ఓడినవి రెండే. ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ 14 మాత్రమే.

ఆగస్టు 25న డాలస్‌లో ఫైనల్. ఎదురుగా ఉన్నది ఆ లామార్ హంట్ జట్టే. ఇంగ్లండ్ నుంచి అరువు తెచ్చుకున్న జిమ్ ఫ్రయాట్, ఆండీ ప్రోవన్ తమ సొంత జట్టు పిలుపు మీద అప్పటికే తిరిగి వెళ్లిపోయారు. గోల్స్ కొట్టేవాళ్లే లేని పరిస్థితిలో మిల్లర్ డిఫెండర్ అయిన బిల్ స్ట్రాబ్‌ను ముందు వరుసలో నిలిపాడు. మొదటి గోల్ డాలస్ ఆటగాడి పొరపాటు వల్ల వచ్చింది. రెండవది స్ట్రాబ్ తలతో కొట్టాడు. 2-0తో ఆటమ్స్ పుట్టిన ఏడాదే విజేతలయ్యారు. ఆ తర్వాత ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ ముఖచిత్రం మీద రిగ్బీ బొమ్మ వచ్చింది. ఆ పత్రిక ఒక సాకర్ ఆటగాణ్ణి ముఖచిత్రంగా వేయడం అదే మొదటిసారి.

ఇక్కడితో ఆపితే ఇది చక్కని కథ. కాని 1974లోనూ 1975లోనూ జట్టు ప్లేఆఫ్‌లకు చేరలేదు; జనమూ పలచబడ్డారు. 1975లో పదకొండు గోల్స్ కొట్టి ఉత్తమ నూతన క్రీడాకారుడిగా పేరు తెచ్చుకున్న క్రిస్ బార్ మరుసటి ఏడాదే సిన్సినాటి బెంగాల్స్‌లో చేరి అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్థిరపడ్డాడు. 1950 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌ను ఓడించిన అమెరికా జట్టులోని వాల్టర్ బార్ కుమారుడే సాకర్‌ను వదిలి వెళ్లాడంటే, ఆ రోజుల్లో ఈ ఆట ఏ స్థితిలో ఉందో ఊహించవచ్చు. 1976లో రిగ్బీ, బాబీ స్మిత్ కాస్మోస్‌కు వెళ్లారు; మిల్లర్ డాలస్ చేరాడు. జట్టు మెక్సికో యజమానుల చేతికి, మెక్సికో ఆటగాళ్ల కాళ్లకు మారింది. వెటరన్స్ స్టేడియం వదిలి ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో ఆడిన ఆ సీజన్‌తో ఆటమ్స్ కథ ముగిసింది.

వైద్యులం మరణ పత్రం రాసేటప్పుడు తుది కారణాన్నీ మూల కారణాన్నీ వేర్వేరు గడుల్లో నింపుతాం. ఆటమ్స్ విషయంలో యజమాని మార్పు తుది కారణం మాత్రమే. పరాయి ఆటగాళ్లు రావడం వల్ల ఊరి అభిమానం చచ్చిపోయిందని అనడం సులభం. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కాని స్థానిక కుర్రవాళ్లు ఆడుతున్న 1974, 75లలోనే జబ్బు మొదలైంది. కాబట్టి స్థానికత ఒక్కటే మందు కాదు. మూల కారణం ఓడిపోతూ బతకడం చేతకాకపోవడం. మొదటి ఏడాదే కిరీటం రావడంతో, ఒక జట్టు ఊరిలో వేళ్లు దిగడానికి పదేళ్లో ఇరవయ్యేళ్లో పడుతుందన్న సంగతి అందరూ మరచిపోయారు. మామూలు సీజన్లను, నష్టాల లెక్కలను ఓర్చుకునే యజమాని దొరకలేదు. నిరాశ కలిగినా కుర్చీలు వదలని ప్రేక్షకులు తయారు కాలేదు.

లీగ్ కూడా ఈ పాఠం నేర్చుకోలేదు. 1978 నాటికి జట్ల సంఖ్యను 24కు పెంచింది. ఫిలడెల్ఫియాకే మళ్లీ ఫ్యూరీ అనే జట్టు వచ్చింది. యజమానులలో పేరున్న రాక్ సంగీతకారులు ఉన్నారు. మూడు సీజన్లకే అదీ మాంట్రియల్‌కు తరలిపోయింది. వైఫల్యానికి విరుగుడు మరింత తళుకేనని నమ్మిన చికిత్స అది.

అమెరికన్లకు సాకర్ పట్టదన్న తీర్పు ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో సిద్ధాంతంలా కనిపిస్తుంది. రోగికి మందే సరిగ్గా వేయకుండా రోగం నయం కాదని తేల్చడం వంటిదది. 2010లో ఆట మొదలుపెట్టిన ఫిలడెల్ఫియా యూనియన్ ఇప్పటికే ఆటమ్స్ ఆయుష్షుకు మూడు రెట్లు దాటింది. మధ్యలో ఎన్నో చప్పని సీజన్లను ఓర్చుకుంది.

వెటరన్స్ స్టేడియాన్ని 2004లో కూల్చివేశారు. ఇప్పుడక్కడ కార్లు నిలుపుతున్నారు. దేశం కాని దేశంలో ఏదో ఒకటి నిలబెట్టాలని తాపత్రయపడే మనవంటివారు ఆ నాలుగేళ్ల కథను చదవాలి. గ్రంథాలయాలు, నాటక సంఘాలు, పత్రికలు ఎన్నిటినో మనం ఆర్భాటంగా ప్రారంభించాం. వాటి ఆయుష్షును నిర్ణయించేది ప్రారంభోత్సవం నాటి చప్పట్లు కావు, మూడో ఏట ఖాళీ కుర్చీల ముందు కూడా పని ఆపనివాళ్లు.