జానర్ నంబర్ 12

ఆషాఢం దగ్గర పడుతోందంటే హైదరాబాద్‌లో ఒక అండర్‌గ్రౌండ్ రికార్డ్ లేబుల్ కొత్త రిలీజ్‌లు వదలడం మొదలుపెడుతుంది. గోల్కొండ బోనాలకి ఒక బ్యాచ్, లష్కర్ బోనాలకి ఇంకో బ్యాచ్, లాల్‌దర్వాజకి మరొకటి. వినాయక చవితికి అసలైన లోడ్ దిగుతుంది. బతుకమ్మకి కొన్ని, మిగతావి పెళ్లిళ్ల సీజన్‌కి. ఈ లేబుల్‌కి ఆఫీసు లేదు, లోగో లేదు, పేరు కూడా లేదు. మనం వాటిని డీజే సాంగ్స్ అంటాం, కొంచెం నవ్వుతాం, స్క్రోల్ చేసేస్తాం.

నా కంప్లయింట్ ఆ నవ్వు మీద కాదు. నవ్వుకోండి. కానీ ఆ పాట ఎవరు చేశారు, ఏ సంవత్సరం చేశారు, లోపల పాడిన గొంతు ఎవరిది అన్న మూడు ముక్కలు ఎక్కడా రాసి ఉండట్లేదు. అందుకే ఏటా పుట్టిన మ్యూజిక్ ఏటా మాయమవుతోంది. రాసిపెట్టే పని మన లాంటివాళ్లకి చాలా ఈజీ, అయినా ఎవరూ చెయ్యట్లేదు. నాకు కోపం వచ్చేది అక్కడ.

మన కాలేజీలో టెక్నో వినేవాళ్లు తక్కువేం లేరు. బెర్లిన్‌లో ఏ లేబుల్ ఏ ఈపీ వదిలిందో శుక్రవారం రాత్రికల్లా హాస్టల్‌లో తెలిసిపోతుంది, బ్యాండ్‌క్యాంప్ లింకులు తిరుగుతాయి. అదే మనిషి ఫెస్ట్‌లో తొమ్మిదిన్నరకి తీన్‌మార్ పడగానే చేతులు మడిచి స్టేజి ముందుకి వచ్చేస్తాడు. ఇన్‌స్టా స్టోరీలో మాత్రం సాయంత్రం జరిగిన టెక్నో సెట్ ఒక్కటే పెడతాడు. దీనికి నేను సాక్షిని. పేర్లు అడగొద్దు.

'బోనాల డీజే పాటకీ టెక్నోకీ పోలికేంటి బ్రో' అంటారేమో. తేడా ఉంది, ఒప్పుకుంటా. టెక్నోలో ప్రతి బీట్ మీదా కిక్ పడుతుంది, పాట అనేది పెద్దగా ఉండదు, మెషీన్ మెల్లగా మారుతూ పోతుంది. మన దాంట్లో పాటే ప్రాణం. దాని కింద కిక్, దాని పైన తీన్‌మార్ దరువు. కానీ పుట్టిన పద్ధతి చూడండి. రేడియో వెయ్యదు, పెద్ద కంపెనీ కొనదు. ఇంట్లో ఒక కంప్యూటర్, అందులో ఎక్కడినుంచో తెచ్చుకున్న ఎఫ్ఎల్ స్టూడియో. పాట బాగుందా లేదా తేల్చేది రోడ్డు మీద ఆడే జనం, అది కూడా ముప్పై సెకన్లలో. గణేశ్ నిమజ్జనం మెయిన్ ఊరేగింపు బాలాపూర్ నుంచి చార్మినార్, మొజంజాహీ మార్కెట్, అబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా ట్యాంక్‌బండ్‌కి పోతుంది కదా. అంటే ఈ లేబుల్‌కి క్లబ్ ఎక్కడ అని అడిగితే మొజంజాహీ మార్కెట్ నుంచి అబిడ్స్ దాకా ఉన్న రోడ్డు అని చెప్పాలి.

టెక్నో కూడా ఇలాగే మొదలైంది. 1980ల్లో డెట్రాయిట్ దగ్గర బెల్‌విల్ అనే ఊళ్లో ఒకే స్కూల్లో చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చి 1983కే ఆపేసింది. గిటారిస్టులకి బేస్ వాయించి పెడుతుందని తెచ్చిన టీబీ-303 అయితే ఇంకా ఘోరంగా ఫ్లాప్, 1984లో మూసేశారు. ఆ ఫ్లాప్ సరుకంతా సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికేసరికి డెట్రాయిట్‌లో, షికాగోలో డబ్బుల్లేని పిల్లల చేతికి చిక్కింది. మిగతాది హిస్టరీ.

ఇప్పుడు నాంపల్లికి రండి. స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే కొద్దిసేపట్లో ఏసీ గార్డ్స్. ఆ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం సైన్యంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం ఒకటి ఉండేది. 1948 తర్వాత దళం పోయింది, పేటకి పేరు మిగిలింది. వాళ్లూ, బార్కస్‌లో స్థిరపడ్డ యెమెన్ అరబ్బులూ ఈ ఊరికి ఇచ్చిందే మర్ఫా. పెళ్లి బరాత్‌లో చేతి డోళ్లు, కర్రలు, బిందెల్లాంటి వాటి మీద మోగే ఆ దరువు తెలియని హైదరాబాదీ ఉండడు. తీన్‌మార్ అనేది అటు మర్ఫాలోనూ, ఇటు మన డప్పులోనూ కలిసి బతుకుతున్న దరువు. డెట్రాయిట్‌లో నల్లవాళ్ల మ్యూజిక్ అని మనం గౌరవంగా చదువుతాం, యూట్యూబ్‌లో డాక్యుమెంటరీలు చూస్తాం. అదే ఆఫ్రికా నుంచి వచ్చిన దరువు నాంపల్లి పక్కనే తరతరాలుగా మోగుతుంటే దాన్ని 'బ్యాండ్ బాజా' అనేసి కారు అద్దాలు ఎత్తేస్తాం.

డెట్రాయిట్‌కి ఉన్నది, మనకి లేనిది ఏమిటి? టాలెంట్ అనుకుంటే పొరపాటు. వాళ్లకి నంబర్ ఉంది.

అట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ అని సొంత లేబుల్ పెట్టాడు. మొదటి రికార్డు మోడల్ 500 పేరుతో వచ్చిన 'నో యూఎఫ్ఓస్'. దాని మీద ఎం-001 అని నంబర్ వేశాడు. అప్పటికి ఆ లేబుల్ అంటే ఒక కుర్రాడు, కొన్ని పెట్టెల రికార్డులు, అంతే. అయినా 001 అని వేశాడంటే 002 వస్తుందని నమ్మకం. తర్వాత అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అని ఇంకో లేబుల్ వచ్చింది. వీళ్లు ముఖాలు కప్పుకుని వాయించేవాళ్లు, ఫొటోలకి పోజులివ్వరు, స్టార్ అవడమే వద్దన్నారు. కానీ వాళ్లు కూడా ప్రతి రికార్డుకీ నంబర్ వేశారు. మనిషి కనపడకపోయినా పర్లేదు, పని కనపడాలి. ఈ లాజిక్ నాకు చాలా నచ్చింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఆయన 1982లో మన రాగాల్ని 808, 303 మెషీన్ల మీద డిస్కో బీట్‌తో వాయించి ఒక ఎల్పీ చేశాడు. హెచ్ఎంవీ వేసింది. ఎవరూ పట్టించుకోలేదు. షికాగోలో ఆసిడ్ హౌస్‌కి మొదటిదని చెప్పే రికార్డు 1987లో వచ్చింది, అంటే ఈయన ఐదేళ్లు ముందు. ఆ ఎల్పీ పాత రికార్డుల్లో ఒక డచ్ కలెక్టర్ కంట పడింది, ఆయన బొంబాయిలో సింగ్‌ని వెతికి పట్టుకున్నాడు, 2010లో మళ్లీ రిలీజ్ చేశాడు. డెబ్బై ఏళ్ల వయసులో చరణ్‌జిత్ సింగ్ యూరప్ స్టేజీల మీద వాయించాడు. 2015లో చనిపోయాడు. ఈ కథ జరగడానికి కారణం చాలా చిన్నది: అట్ట మీద పేరు అచ్చేసి ఉంది. పేరు లేకపోతే వెతికేది ఎవర్ని?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మనమంతా సెమిస్టర్ పుస్తకాలు కొన్నవాళ్లమే. అక్కడ ఎంత చిరిగిన పుస్తకం తీసినా రెండో పేజీలో పబ్లిషర్, ఎడిషన్, ప్రింట్ అయిన సంవత్సరం ఉంటాయి. పైన ఎవరో సీనియర్ పేరు, రోల్ నంబర్ కూడా. అప్పుడప్పుడు పుస్తకాల మధ్య పాత సినిమా ఎల్పీ కనిపిస్తే దాని నడుమ గుండ్రటి కాగితం మీద గాయకులు, సంగీత దర్శకుడు, నంబర్ అన్నీ ఉంటాయి. యాభై ఏళ్ల చెత్తలో కూడా అడ్రస్ ఉంది.

అదే అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్. మొబైల్ రిపేర్లకి, సెకండ్‌హ్యాండ్ ఫోన్లకి ఊరంతా వచ్చే చోటు. 2016లో జియో వచ్చేదాకా మొబైల్ షాపుల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించడం ఒక పెద్ద బిజినెస్. కార్డు ఇచ్చి, డబ్బులిచ్చి, 'ఫుల్ డీజే కొట్టు అన్నా' అంటే చాలు. నా లెక్కలో ఈ లేబుల్‌కి అప్పటి డిస్ట్రిబ్యూటర్లు వాళ్లే. మొన్న స్క్రీన్ మార్పించడానికి పోయినప్పుడు ఒక షాపులో అడిగా: 'అన్నా, అప్పట్ల పాటలు ఎక్కించేటోళ్లు కదా, ఆ ఫోల్డర్లు ఉన్నయా?' ఆయన తల కూడా ఎత్తలేదు. 'యాడుంటయ్ తమ్మీ, హార్డ్‌డిస్కే పోయింది. ఎవడు జేసిండో ఎవనికెరుక.'

సరే అని మా మామయ్య పాత ఫోన్లోంచి కార్డు తీసి ల్యాప్‌టాప్‌కి పెట్టా. నూటపైచిలుకు పాటలు. ఇక్కడ మన సీఎస్ఈ వాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. ఎంపీ3 ఫైల్ చివర 128 బైట్ల చిన్న ట్యాగ్ ఉంటుంది, ఐడీ3 పాత వెర్షన్. పాట పేరుకి 30 బైట్లు, ఆర్టిస్ట్‌కి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, కామెంట్‌కి 30, జానర్‌కి 1. మొదట్లో మూడు బైట్లు ట్యాగ్ అనే మాటకే పోతాయి. కూడి చూసుకోండి, సరిపోతుంది. నేను తెరిచిన ఫైళ్లలో ఆర్టిస్ట్ దగ్గర ఏదో డౌన్‌లోడ్ సైట్ అడ్రస్. ఆల్బమ్ దగ్గరా అదే. సంవత్సరం ఖాళీ. జానర్ బైట్ ఇంకా తమాషా. ఆ లిస్టులో టెక్నోకి సొంత నంబర్ ఉంది, 18. ఆసిడ్‌కి 34, హౌస్‌కి 35. మన తీన్‌మార్‌కి నంబర్ లేదు, అందుకే మా మామయ్య కార్డులో చాలా పాటలు 12 కింద ఉన్నాయి. 12 అంటే అదర్. 'ఇతరములు'.

పేరు చెప్పే ప్రయత్నం డీజేలు చెయ్యలేదని కాదు. పాట మధ్యలో ఒక్కసారిగా గొంతు పెద్దది చేసి డీజే ఫలానా, ఫలానా బస్తీ అని అరిపిస్తారు చూడండి, మనం మీమ్స్ చేసుకునేది. అది వాళ్ల సంతకం. ట్యాగ్ చెరిపేస్తారు, ఫైల్ పేరు మార్చేస్తారు, అందుకే పేరుని పాటలోనే పోసేశారు. దాన్ని తీసేసి తన పేరు అరిపించుకునేవాడూ ఉంటాడు, అది వేరే కథ. ఇప్పుడంతా యూట్యూబ్‌లో ఉంది కదా అంటారా? సినిమా పాట రీమిక్స్ చేస్తే కంపెనీ స్ట్రైక్ వేస్తుంది. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానెల్ మొత్తం పోతుంది, సొంతంగా చేసిన బీట్‌లతో సహా. వాట్సాప్‌లో పంపితే ఆడియో పేరు పోయి ఏయూడీ, తేదీ, డబ్ల్యూఏ, నాలుగు అంకెలు వస్తాయి. మన మ్యూజిక్‌కి కేటలాగ్ నంబర్ వేస్తున్నది ప్రస్తుతానికి వాట్సాప్ ఒక్కటే.

అన్నిటికంటే అన్యాయం అయ్యేది లోపల పాడిన గొంతుకి. డీజే పేరు కనీసం అరుపులో ఉంది. ఏ ఊరి అక్కో పాడిన జానపదం రీమిక్స్ అయి, ఆ రీమిక్స్ మీద ఇంకో రీమిక్స్ పడి, నాలుగో చేతికి వచ్చేసరికి ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఊరంతా ఆ గొంతు మీద ఆడుతుంది.

దీనికి ఎదురు వాదన మా ఇంట్లోనే ఉంది. నాంపల్లి స్టేషన్ వెనక మా అమ్మమ్మ గదిలో కిటికీ అద్దాలు నిమజ్జనం రోజు గజగజ వణుకుతాయి. 'వాడి పేరు రాసిపెడతావా? ముందు వాణ్ణి ఆపమని రాయి' అంటుంది. ఆమె మాట కొట్టేయలేను. రూల్స్ ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది తర్వాత 45. హాస్పిటల్ చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్. బండి మీద గోడలా పేర్చిన బేస్ స్పీకర్లకి ఆ అంకెలు జోక్ లాంటివి. 2024 అక్టోబర్ మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్స్‌ని బ్యాన్ చేశారు. నా ఒపీనియన్ అడిగితే, బండిని ఆపడం కరెక్టే. కానీ ఆపింది సౌండ్‌ని, ఆ పాటల్ని కాదు. ఈ తేడా మర్చిపోయి 'పీడ పోయింది' అనుకునేవాళ్లతోనే నా పేచీ. బండ్లు తగ్గితే పాటలకి ఉన్న ఒక్క క్లబ్బూ మూతపడుతుంది, అప్పుడు రాసిపెట్టడం ఇంకా అర్జెంట్ అవుతుంది. అమ్మాయిల మీద రాసిన కొన్ని లిరిక్స్ అసహ్యంగా ఉంటాయి, అది కూడా నిజం. వాటినీ లిస్టులో పెట్టాల్సిందే, ఎవరు రాశారో తెలియాలి కదా.

అందుకని మేం ముగ్గురం ఒక షీట్ మొదలుపెట్టాం. పాట, డీజే, బస్తీ, సంవత్సరం, ఏ పండక్కి, అసలు పాడింది ఎవరు, ఎక్కడ దొరికింది. ఒకే పాట పది పేర్లతో వస్తే పట్టుకోవడానికి ఆడియో ఫింగర్‌ప్రింట్ తీసే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాం, షాజామ్ పనిచేసే ఐడియానే. పాటల్ని మేం అప్‌లోడ్ చెయ్యం, అవి మావి కావు. వివరాలు మాత్రం అందరికీ ఓపెన్. ఇప్పటికి ఎక్కువ గళ్లు ఖాళీ. పాడినవాళ్ల కాలమ్ అయితే దాదాపు మొత్తం ఖాళీ.

ఈ మ్యాగజీన్ చదివేవాళ్లలో సగం మందికి ఇంట్లో పాత కీప్యాడ్ ఫోన్ ఉంటుంది, దాని వెనక కార్డు ఉంటుంది. బ్రదర్‌దో, బాబాయ్‌దో. సెలవులకి పోయినప్పుడు తీసుకురండి. ఫైల్‌ని వాట్సాప్‌లో మాత్రం పంపొద్దు, పేరు పోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి, లేదా కార్డే ఇవ్వండి, కాపీ చేసుకుని తిరిగి ఇచ్చేస్తాం. మీ బస్తీలో డీజే అన్న ఎవరైనా ఉంటే ఒక్కటే అడగండి: ఆ పాటలో గొంతు ఎవరిదన్నా?